నూట ఐదు డిగ్రీల దగ్గర

మే 12, సోమవారం

పోశయ్య జీపును ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చారు. ములుగు రోడ్డు మీద మా షెడ్డు ముందు విప్పేసరికి పదకొండు దాటింది. మా ఆయన సారంగపాణి టీ కూడా తాగకుండా ఇంజన్ హెడ్డు విప్పాడు. మూడో పిస్టన్‌కు సరిగ్గా నడినెత్తిన కన్నం. చిటికెన వేలు దూరేంత. అంచులు మైనంలా కారి గట్టిపడ్డాయి.

"నీళ్లు లేకుంట నడిపినవ్," అన్నాడు సారంగపాణి.

"పొద్దుగాల్నే చూసిన పాణన్నా. నిండ ఉన్నయి," అన్నాడు పోశయ్య.

అతను జీపు గురించి ఎక్కువ మాట్లాడలేదు. శనివారం సంగతే చెబుతూ పోయాడు. తాడ్వాయి అవతల వాళ్ల ఊరు. తునికాకు కోయడానికి అడవికి పోయిన సమ్మమ్మను కుడిచేతి మీద రక్తపింజర కరిచింది. ఆమె పోశయ్యకు వరసకు పెద్దమ్మ. ములుగు దవాఖానకు తీసుకుపోదామని జీపులో పడుకోబెట్టాడు. వెంట ఇంకో ఎనిమిది మంది ఎక్కారు. అడవి నడుమ ఎత్తు ఎక్కుతుంటే ఇంజన్ పెద్ద చప్పుడు చేసి ఆగిపోయింది. అక్కడ ఫోన్ కలవదు. వేరే బండి దొరికేసరికి గంటన్నర అయిందట. ములుగు నుంచి వరంగల్ పెద్ద దవాఖానకు పంపారు. ప్రాణానికి భయం లేదన్నారు. చెయ్యి సంగతి ఇంకా చెప్పలేదు.

నేను వెనక గదిలో నా బల్ల దగ్గరే ఉండి అంతా విన్నాను. బయటికి రాలేదు.

ఆ జీపులో చిప్పు పెట్టింది నేను. మార్చి తొమ్మిదిన. పదిహేనేళ్ల బండి, డ్యాష్‌బోర్డు కింద అరచేతి వెడల్పు పెట్టెలో ఇంజన్ కంప్యూటర్. మూత విప్పి, పాత చిప్పును వేడిగాలితో ఊడదీసి, ఎక్కువ బలం వచ్చే ఫైలు ఎక్కించిన కొత్త చిప్పు సోల్డరింగ్‌తో అతికించాను. మర్నాడు పోశయ్య నవ్వుకుంటూ వచ్చాడు. "పన్నెండు మందితోటి మూడో గేర్ల గుట్టెక్కింది పాణన్నా, నీ చేతిల మంత్రమున్నది," అన్నాడు. బోర్డు మీద సారంగపాణి పేరే ఉంది కదా, అందరూ ఆయన పనే అనుకుంటారు. ఆయన కాదనలేదు. నేనూ అనలేదు. నాన్న రేడియోలు బాగుచేసేటప్పుడు పక్కన కూర్చుని నేర్చుకున్న చెయ్యి నాది. ఎవరో పొగడాలని ఎప్పుడూ అనుకోలేదు.

రేడియేటర్ వల్లే అయి ఉంటుంది.


మే 13

రేడియేటరే.


మే 14, బుధవారం

రేడియేటర్ విప్పి గాలి పెట్టి నీళ్లలో ముంచాం. కింది మూల నుంచి బుడగలు వచ్చాయి. సారంగపాణి నా వైపు చూసి "జూసినవా," అన్నాడు. నాకు ఒళ్లంతా తేలికైంది. మధ్యాహ్నం బాగా అన్నం తిన్నాను.

చిన్న కారుడే. రోజంతా కారితే గ్లాసు నీళ్లు పోవచ్చు. అయినా కారుడు కారుడే.

సాయంత్రం పోశయ్య మళ్లీ వచ్చాడు. ముందు షెడ్డులో సారంగపాణితో మాట్లాడుతున్నాడు. "ముల్లు ఎర్రగీత దాటింది పాణన్నా, నేను జూసిన. పెద్దమ్మ లోపట మూల్గుతాంటె ఎట్ల ఆపుదు? ఇంతకుముందైతె బాగ వేడైతె బండి దానంతట అదే మెల్లగయితుండె. ఈసారి జర గుడ తగ్గలే. గట్లనే ఉరికింది, ఉరికి ఉరికి పలిగింది."

సారంగపాణి ఊఁ కొట్టి ఊరుకున్నాడు. ఆయనకు ఆ మాట అర్థం కాలేదు.

నాకు అర్థమైంది.


మే 15, గురువారం

పోశయ్య జీపు కంప్యూటర్ విప్పి చిప్పును చదివాను. అసలు ఫైలు నా ల్యాప్‌టాప్‌లో ఉంది. ఏ బండిదైనా మార్చే ముందు దాచుకుంటాను, అది నాన్న నేర్పిన అలవాటు. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను.

అసలు దాంట్లో ఒక అంకెల పట్టీ ఉంటుంది. ఇంజన్ నీళ్ల వేడి నూట ఐదు డిగ్రీలు దాటితే డీజిల్ తగ్గించమని. నూట ఐదు దగ్గర కొంచెం, నూట పది దగ్గర ఇంకొంచెం, మెట్లు దిగినట్టు కిందికి దిగుతుంది గీత. బలం తగ్గుతుంది, బండి ఈడ్చుకుంటూ పోతుంది, కానీ కాలిపోదు. నేను పెట్టిన చిప్పులో ఆ గీత తిన్నగా ఉంది. మెట్లు లేవు. ఎంత వేడెక్కినా డీజిల్ పోస్తూనే ఉండమని రాసి ఉంది.

ఆ పట్టీని నేను మార్చలేదు. ఢిల్లీ నుంచి కొన్న ఫైలు అట్లాగే వచ్చింది. మార్చిలో దీన్ని చూసినట్టు గుర్తు లేదు. వందల పట్టీలు ఉంటాయి ఒక్కో ఫైలులో. అన్నీ ఎవరు చూస్తారు.


మే 17, శనివారం

పొద్దున ఇంట్లో సారంగపాణికి చెప్పాను. సుబేదారి నుంచి షెడ్డుకు బయలుదేరబోతూ బూట్లు వేసుకుంటున్నాడు. ల్యాప్‌టాప్ తెరిచి గీత చూపించాను. ఒక బూటు వేసుకుని, ఒకటి చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఎవ్వలకన్న చెప్పినవా?"

"లే."

"చెప్పకు."

"ఆమె చెయ్యి..."

"పాము కరిసింది వినోదా. మనం కరిపియ్యలే." బూటు కింద పెట్టాడు. "రేడియేటర్ కారుతాంది. అది అబద్ధమా?"

"కాదు."

"మరి? ఇరువై ఏండ్లాయె షెడ్డు పెట్టి. ఒక్కడు వచ్చి పాణి మోసం జేసిండు అనలే ఇయ్యాల్టిదాంక. నేను గా జీపు ఇంజన్ ఫ్రీగ జేసిస్త. పోశయ్యకు నష్టం లేకుంట జూస్త. గంతకంటె ఏం కావాలె?"

కోపంగా అనలేదు. బతిమిలాడినట్టే అన్నాడు. అందుకే నేను సరే అన్నాను.


మే 18

రేడియేటర్ కారుతోంది. అది అబద్ధం కాదు.


మే 20, మంగళవారం

దవాఖానకు పోయి సమ్మమ్మను చూశాను. ఎందుకు పోయానో అడిగితే చెప్పలేను. రెండు కొబ్బరి బోండాలు పట్టుకుపోయాను.

అరవైకి దగ్గరగా ఉంటుంది. సన్నటి మనిషి. కుడిచెయ్యి మణికట్టు దాకా తీసేశారు. నిన్ననే. కట్టు కట్టి తలగడ మీద పెట్టారు. కొడుకు మందుల కోసం కిందికి పోయాడట. జీపు బాగుచేసే ఆయన భార్యనని చెప్పాను. అంతే చెప్పాను.

"పోశన్న జీపా? అయ్యో, వాని బతుకు దాని మీదనే బిడ్డా. జల్ది జేసియ్యుండ్రి," అంది.

తర్వాత ఆకు గురించి చెప్పింది. ఈ ఏడు ఆకు బాగా పడిందట. యాభై ఆకులు ఒక కట్ట. చూడకుండానే వేళ్లకు తెలిసిపోతుందట యాభై అయిందని. చెబుతూ చెబుతూ ఎడమచేతి వేళ్లతో దుప్పటి అంచు మడుస్తోంది.

"జర తల దువ్వుతవా బిడ్డా? నాలుగొద్దులాయె. ఎడమ చేత్తోటి వస్తలేదు."

సంచిలోంచి దువ్వెన తీసి దువ్వాను. పలచటి జుట్టు, చివర్లు చిక్కులు పడి ఉన్నాయి. నొప్పి పుట్టకుండా మెల్లగా విప్పి జడ అల్లి రిబ్బను కట్టాను. కళ్లు మూసుకుని కూర్చుంది.

చెబుదామనే అనుకున్నాను. బాగా అలసిపోయి ఉంది. అందుకే చెప్పలేదు.


మే 21, బుధవారం

ఆమె అలసిపోయి లేదు.

ఇంకొకటి. పదిహేనో తారీఖు నాడు గుర్తు లేదని రాశాను. గుర్తుంది. మార్చి ఎనిమిదిన, పోశయ్య జీపుకు ముందురోజు, ఆ తిన్నటి గీతను చూశాను. చూసి, ఇదేమిటి ఇట్లా ఉందని ఢిల్లీ వాడికి ఫోన్ కూడా చేశాను. వేడెక్కినప్పుడు బలం తగ్గితే కస్టమర్లు వచ్చి గొడవ చేస్తారు మేడమ్, అందుకే తీసేస్తాం, అందరూ ఇట్లాగే పెడుతున్నారు అన్నాడు. నేను సరే అన్నాను. ఎందుకంటే అప్పటికే ఐదు బండ్లకు పెట్టి ఉన్నాను. తప్పని ఒప్పుకుంటే ఐదు బండ్లూ వెనక్కి పిలవాలి. ఆరోదానికి కూడా అదే పెట్టేస్తే అసలు తప్పే లేనట్టు అవుతుంది కదా.

అట్లా అనుకునే పెట్టాను. ఇది నా చేత్తో నేనే రాస్తున్నాను కాబట్టి ఇక కొట్టివేయను.


మే 22, గురువారం

మళ్లీ దవాఖానకు పోయాను. కొబ్బరి బోండాలు తీసుకుపోలేదు.

"అమ్మా, ఒకటి చెప్పాలె," అన్నాను. నిలబడే అన్నాను. "జీపుల చిప్పు పెట్టింది మా ఆయన కాదు. నేను."

"చిప్పంటే?"

"ఇంజన్‌కు ఎంత డీజిల్ పొయ్యాల్నో చెప్పేది. బాగ వేడైతె తగ్గియ్యమని చెప్పే మాట ఒకటి ఉంటది అండ్ల. బండి పాడుకాకుంట. నేను పెట్టిన దాంట్ల ఆ మాట లేదు. లేదని నాకెరుకే. ఎరుకయ్యే పెట్టిన."

"అంటె బండి ఆగింది నీవల్లనా?"

"ఔ."

"నా చెయ్యి?"

"పాము కరిసింది. కని గంటన్నర నావల్ల పోయింది. జల్ది వస్తె దక్కునేమో అన్నడట డాక్టరు. పోశయ్య చెప్పిండు."

ఆమె గోడ వైపు తిరిగింది. నేను కట్టిన జడ రెండు రోజుల్లో వదులైంది. పక్క మంచం దగ్గర ఎవరో గంజి చల్లారుస్తూ గిన్నెలు మారుస్తున్నారు. తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏమైనా సరే నిలబడి వినాలని గట్టిగా అనుకుని నిలబడ్డాను.

తిరగకుండానే అడిగింది. "ఇంకెన్ని బండ్లల్ల పెట్టినవ్?"

"ఇంక ఐదిట్ల."

"అవి నడుత్తానయా?"

"నడుత్తానయి."

"మరి ఈడ నిలబడ్డవేంది?"


మే 23, శుక్రవారం

ఐదు బండ్లు. కిషన్ రావు సార్, సుబేదారి. రాజమౌళి సేటు, ఎనుమాముల. కాజీపేట ఒకటి, నర్సంపేట ఒకటి. భానుచందర్.

కిషన్ రావు సార్ ఇల్లు మా వీధి చివరే. రిటైరైన లెక్చరర్. పొద్దున్నే పోయి చెప్పాను. కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని "నువ్వు చేస్తవా ఈ పని? నువ్వా?" అని రెండుసార్లు అడిగారు. చిప్పు సంగతి కంటే అదే ఆయనకు పెద్ద వింతయింది. కంప్యూటర్ పెట్టె విప్పుకుని షెడ్డుకు తెచ్చి, అసలు ఫైలు ఎక్కించి, మధ్యాహ్నానికి బిగించేశాను.

సారంగపాణి చూశాడు. ఏదో సాధారణ రిపేరు అనుకున్నాడు.


మే 26, సోమవారం

రాజమౌళి సేటు ఒప్పుకోలేదు. ఎనుమాముల మార్కెట్‌లో ఆయన కమీషన్ అడ్తి దుకాణం, బల్ల నిండా మిర్చి శాంపిళ్లు. తుమ్ముతూనే చెప్పాను.

"ఏం తప్పున్నదమ్మా దాంట్ల? హైదరాబాద్‌కు రెండు గంటల్ల పోతాన. మైలేజి పెరిగింది. బండి గుర్రం లెక్క ఉరుకుతాంది. దాన్ని పట్టి కాళ్లు ఇరగ్గొడ్త అంటవేంది?"

"వేడైతె ఇంజన్ ఆగది సేటూ. పలుగుతది."

"మీ ఆయనను పంపు. ఆయనతోటి మాట్లాడుత. నీకేమెరుక గివన్ని?"

"మా ఆయనకు సోల్డరింగ్ రాదు సేటూ. మీ బండ్ల చిప్పు పెట్టింది నేనే."

దుకాణంలో గుమస్తాలు తలెత్తి చూశారు. పదకొండేళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఆ మాట బయటివాళ్ల ముందు గట్టిగా అనడం ఈ వారంలోనే మొదలు.

సంచిలోంచి పోశయ్య జీపు పిస్టన్ తీసి ఆయన ముందు బల్ల మీద పెట్టాను. "ఇది ఇసొంటి చిప్పు పెట్టిన ఇంజన్లది. అడవిల ఆగింది. లోపట పాము కరిసిన మనిషున్నది." సేటు దాన్ని చేతిలోకి తీసుకుని ఇటూ అటూ తిప్పాడు. కన్నంలో వేలు పెట్టాడు. వేలు అవతలికి వచ్చింది.

"ఆమెకేమైంది?"

"చెయ్యి తీసేసిండ్రు."

"నా మనుమరాండ్లు కూసుంటరు బండ్ల," అన్నాడు. తాళంచెవి బల్ల మీద నా వైపు జరిపాడు.


మే 27

కాజీపేట బండి, నర్సంపేట బండి. రెండూ అయినాయి. కాజీపేట ఆయన తిట్టాడు. నర్సంపేట ఆయన టీ పోయించాడు. ఇద్దరికీ ఒకే మాట చెప్పాను.


మే 29, గురువారం

సేటు మార్కెట్ అంతా చెప్పాడు. పిస్టన్ కథ చెప్పి ఉంటాడు, వేలు దూర్చి చూపించి మరీ. పొద్దున రావాల్సిన రెండు బండ్లు రాలేదు. మధ్యాహ్నం ఒకతను సగం విప్పిన తన బండిని అట్లాగే తోసుకుపోతానన్నాడు.

షెడ్డు తలుపు సగం దించి సారంగపాణి నా గదిలోకి వచ్చాడు.

"చెప్పకన్న గదా."

"అన్నవు."

"సరే అన్నవు గదా నువ్వు గుడ."

"అన్న. తప్పన్న."

"నన్నడగకుంట మార్కెట్ల నిలబడి... సోల్డరింగ్ రాదంటవా నాకు?" అదే ఆయనకు అన్నిటికంటే ఎక్కువ తగిలిందని అప్పుడు తెలిసింది. "ఇరువై ఏండ్లు వినోదా. గీ రోడ్డు మీద నా పేరే బోర్డు."

"ఇంకొక్కటున్నది. భానుచందర్‌ది. అది గుడ తీస్త," అన్నాను.

తలుపు అట్లాగే సగంలో వదిలేసి వెళ్లిపోయాడు. నేనే దించి, ఒక్కదాన్నే నడిచి ఇంటికి వచ్చాను. తప్పు చేశానని అనిపించలేదు. ఆయనకు ముందు చెప్పకపోవడం మాత్రం తప్పే.


మే 31, శనివారం

ఇవాళ్టిది జాగ్రత్తగా రాయాలి.

పదింటికి పోశయ్య వచ్చాడు. వెంట సమ్మమ్మ కొడుకు, ఊరివాళ్లు ఇంకో ఇద్దరు. తల్లి నోట విన్నాడట ఆ కొడుకు. షెడ్డు ముందు నిలబడ్డారు, లోపలికి రాలేదు. పక్క టైర్ల షాపు వాళ్లు కూడా బయటికి వచ్చారు.

"పాణన్నా," అన్నాడు పోశయ్య. ఎప్పుడూ లేనంత మెల్లగా అన్నాడు. "చిప్పుతోటే పలిగిందంట గదా. నీకెరుకై గుడ రేడియేటర్ అన్నవు. నా మొఖం జూసుకుంట అన్నవు."

సారంగపాణి చేతులు తుడుచుకుంటున్న గుడ్డ కింద పడేశాడు. నేను గదిలోంచి బయటికి వచ్చేలోపే అన్నాడు.

"ఔ తమ్మీ. చిప్పు నేనే పెట్టిన. ఏమన్న ఉంటె నన్నను."

పదకొండేళ్లు నా పనికి వచ్చిన పొగడ్త తీసుకున్నాడు. నాకెప్పుడూ కష్టం అనిపించలేదు. ఇప్పుడు తిట్లు కూడా తనే తీసుకుంటానంటుంటే కాళ్లు ఆగలేదు. వాళ్లిద్దరి నడుమకు పోయి నిలబడ్డాను.

"ఆయన కాదు. నేను పెట్టిన. దవాఖానల మీ అమ్మకు గుడ చెప్పిన గదా," అన్నాను కొడుకుతో.

"నువ్వు లోపటికి పో," అన్నాడు సారంగపాణి.

"పోను."

పోశయ్య నన్నూ ఆయన్నూ మార్చి మార్చి చూశాడు. "అంటె నిజంగనే వదినె పెట్టిందా? ఈడు చెప్తె నమ్మలే," అన్నాడు. తర్వాత జీపు వైపు తిరిగి, "బండి గుంజాలె గుంజాలె అని నెత్తి మీద కూసుండి అడిగింది నేనే," అన్నాడు, ఎవరితోనో కాదు, తనతోనే. "పదిమందిని ఎక్కిచ్చిన."

కొడుకు మాత్రం తగ్గలేదు. "మా అమ్మ చెయ్యి ఎవ్వలు తెచ్చిస్తరు? ఠాణాకు పోతం."

"పోదాం," అన్నాను. "నేను రాసిస్త."

లోపలికి పోయి కాగితం తీసుకుని రాశాను. ఏ తారీఖున ఏం పెట్టానో, ఆ ఫైలులో ఏం లేదో, లేదని నాకు ముందే తెలుసని. కింద నా పేరు రాసి సంతకం పెట్టాను. అబ్బాయి దాన్ని రెండుసార్లు చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అమ్మకిస్త. ఆమె ఎట్లంటె గట్ల," అన్నాడు.

వాళ్లు పోయాక సారంగపాణి గుడ్డ తీసుకుని, దులిపి, పోశయ్య జీపు దగ్గరికి పోయాడు. ఇంజన్ బ్లాకు దించే పని మొదలుపెట్టాడు. నాతో మాట్లాడలేదు. బరువు పట్టుకోవడానికి మాత్రం పిలిచాడు. పట్టుకున్నాను.


జూన్ 2, సోమవారం

భానుచందర్ కారు అమ్మేశాడట. ఏప్రిల్‌లోనే. బైపాస్ మీద పందేలు వేసుకునే పిల్లాడు, ఇప్పుడు కొత్త కారులో తిరుగుతున్నాడు.

"ఎవ్వలకు అమ్మినవ్?"

"ఎందుకాంటీ? వాళ్లకు చిప్పున్నదని చెప్పలే నేను. ఇప్పుడు చెప్తె కొట్లాటకొస్తరు."

"నేను చెప్త. నీ పేరు రానియ్య. అడ్రస్ ఇయ్యి."

"చిప్పు తీస్తె ఆళ్లకే నష్టం ఆంటీ, మస్తు పికప్ ఉండె."

వాళ్ల ఇంటి మెట్ల మీదే కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా. వాళ్లమ్మ రెండుసార్లు వచ్చి మంచినీళ్లు ఇచ్చి పోయింది. మూడోసారి వచ్చి కొడుకును పిలిచి, గదిలోకి తీసుకుపోయి ఏదో అంది. పరకాల అడ్రస్ రాసిన కాగితం తెచ్చి ఇచ్చాడు.


జూన్ 4, బుధవారం

బస్సులో పరకాల. ఒళ్లో ల్యాప్‌టాప్ సంచి, వేడిగాలి పెట్టె.

ప్రేమలత అని టీచరు. బడులు తెరిచాక పక్క ఊళ్లో బడికి రోజూ ఈ కార్లోనే పోవాలని కొనుక్కుందట. డ్రైవింగ్ ఈమధ్యే నేర్చుకుంది. నేను చెప్పిందంతా మధ్యలో ఆపకుండా విన్నది.

"అంటె ఇన్నొద్దులు నా బండ్ల ఏమున్నదో నాకే తెల్వదన్నట్టు."

"ఔ మేడమ్."

"తీసెయ్యండి. కని నేను పక్కన కూసుంట. ఏం తీస్తున్నరో నాకు చూపెట్టాలె."

వాళ్ల వరండాలో చాప వేసి కూర్చున్నాం. మూత విప్పాక లోపలి పలకను చూసి "గింతేనా?" అంది. ల్యాప్‌టాప్‌లో రెండు గీతలూ చూపించాను. తిన్నటిది, మెట్లు దిగేది. డ్రైవింగ్ స్కూల్లో ముల్లు ఎర్రగీత దగ్గరికి వస్తే బండి ఆపాలని చెప్పారట. మీరు ఆపకపోతే ఇది తగ్గిస్తుంది అని చెప్పాను. ఒక్కో మెట్టు మీదా వేలు పెట్టి అడిగింది. ఎందుకు నూట ఐదు, ఎందుకు వంద కాదు. నాకు తెలిసింది చెప్పాను. తెలియనిది తెలియదన్నాను. నా పనిని ఒకరు పక్కన కూర్చుని చూడడం, అడగడం, ఇదే మొదలు. గంటలో అయ్యే పని రెండున్నర గంటలు పట్టింది. నాకు పోబుద్ధి కాలేదు.

అన్నీ అయినాయి. తిరుగు బస్సులో కిటికీకి తల ఆనించి నిద్రపోయాను. హన్మకొండ చౌరస్తాలో కండక్టర్ లేపాడు.


జూన్ 7

కొత్త పిస్టన్లు వచ్చాయి. సారంగపాణి ఒక్కో దాన్ని వెలుతురుకు పట్టి చూసి దించుతున్నాడు. "కంప్యూటర్ రెడీయా?" అన్నాడు. వారం తర్వాత నాతో అన్న మొదటి మాట.

"రెడీ," అన్నాను.


జూన్ 10, మంగళవారం

సమ్మమ్మను ఇంటికి పంపారు. పోశయ్య జీపులోనే. నేను ముందు సీట్లో కూర్చున్నాను. ఒళ్లో ల్యాప్‌టాప్, వైరు డ్యాష్‌బోర్డు కిందికి. కొత్త ఇంజన్ వేడి ఎట్లా పోతుందో చూడాలి, బండి నేను లేకుండా అడవి దాటకూడదు. వెనక సమ్మమ్మ, కొడుకు. ములుగులో ఇంకో ఆరుగురు ఎక్కారు. పోశయ్య వద్దనలేదు, నేనూ అనలేదు. ఆ దారిలో వేరే బండి లేదు.

ములుగు దాటేదాకా తొంభై. తాడ్వాయి దగ్గర పడుతుంటే తొంభై ఐదు. బయట ఎండ మంట. అప్పుడు జీపు ఆగిపోయిన ఎత్తు దగ్గరికి వచ్చాం. నూటొకటి. నూట మూడు. పోశయ్య చేతులు స్టీరింగ్ మీద బిగుసుకున్నాయి. నూట నాలుగు.

నూట ఐదు.

జీపు మెత్తబడింది. ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగినట్టు నెమ్మదించింది. పోశయ్య యాక్సిలరేటర్‌ను నేల దాకా తొక్కినా ఈడ్చుకుంటూనే పోతోంది.

"గుంజుతలేదు వదినె."

"గుంజొద్దు. రెండో గేర్ల పోనియ్యి."

వెనక నుంచి ఒకతను "దిగి నడిస్తె ముందుగాల పోతం," అన్నాడు. ఎవరో నవ్వారు. సమ్మమ్మ గొంతు వినబడింది. "పోనియ్యుండ్రయ్యా మెల్లగ. ఎక్కుతాంది గదా."

ఎక్కింది. పైకి వచ్చాక నూట రెండు. ఆ తర్వాత దిగుడులో తొంభై ఆరు. నేను అంకెలు చూస్తూనే ఉన్నాను. కళ్లు మసకబారితే కొంగుతో తుడుచుకుని మళ్లీ చూశాను.

వాళ్లింటి ముందు ఆగాం. సమ్మమ్మ దిగడానికి చెయ్యి అందించాను. ఆమె నా చెయ్యి పట్టుకోలేదు. బట్టల మూట నా చేతిలో పెట్టి, ఎడమచేత్తో జీపు కమ్మీ పట్టుకుని తనే దిగింది. మూట అరుగు మీద పెట్టించుకుంది.

"ఆ కాగితం నా తాననే ఉన్నది," అంది.

"ఉంచుకో అమ్మా."

"ఏం జేత్తనో ఇంక అనుకోలే."

"నువ్వెట్లంటె గట్ల."

"తీసినవా ఐదిట్ల?"

"తీసిన."

తల ఊపింది. లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది, ఎడమచేత్తో, సగం ఒలికిపోతూ. తాగి చెంబు ఇచ్చాను. కూర్చోమనలేదు. నేను కూడా కూర్చోవాలని అనుకోలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ములుగులో ఫోన్ కలిసింది. సారంగపాణివి నాలుగు మిస్డ్ కాల్స్.

"ఎంత దాంక పోయింది వేడి?" హలో కూడా అనలేదు.

"నూట ఐదు. తగ్గించుకుంది. ఎక్కింది."

అవతల రెంచి కింద పెట్టిన చప్పుడు. తర్వాత, "కిషన్ రావు సార్ ఎవ్వల్నో తీస్కచ్చిండు. జనగామాయన. వేరే కాడ చిప్పు పెట్టిచ్చుకున్నడట, తీపియ్యాల్నట. నేను జూస్త అన్న. వద్దంటాండు. వినోదమ్మ ఎప్పుడొస్తది అని అడుగుతాండు."

"కూసోమను," అన్నాను. "వస్తాన."